జమ, ఖర్చు, నిల్వ: డాబా మీది ట్యాంకుకు సెన్సర్లు పెట్టిన ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 2: ముందు బొమ్మ, తర్వాతే బోర్డు

హైదరాబాద్‌లో జి ప్లస్ వన్ ఇల్లు, ఆరుగురు మనుషులు. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, నేరుగా సంపులోకి దిగుతాయి. చాలనప్పుడు బోరు, ఎండాకాలంలో ట్యాంకరు, అన్నీ అదే సంపులోకే. సంపు లోపలి కొలత 2 మీటర్లు, 1.5 మీటర్లు, లోతు 2 మీటర్లు. అంచు దాకా నిండితే 6,000 లీటర్లు. అక్కణ్నుంచి ఒక హెచ్‌పీ మోటారు అంగుళం యూపీవీసీ పైపులో డాబా మీది 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుకు ఎక్కిస్తుంది. ట్యాంకు నుంచి రెండు లైన్లు కిందికి దిగుతాయి: ఒకటి కింది అంతస్తు వంటింటికి, రెండోది బాత్‌రూములకూ వాషింగ్ మెషీన్‌కూ.

నీటి వాడకం కొలుద్దామనగానే చాలామంది ఒక ఫ్లో సెన్సర్ కొని మెయిన్ పైపుకు బిగిస్తారు. ఇరవై నాలుగు గంటలూ ప్రెషర్‌తో నీళ్లొచ్చే ఊళ్లో అది చాలు. మన ఇళ్లలో వీధి పైపుకూ ఇంట్లో కుళాయికీ మధ్య రెండు తొట్లు ఉన్నాయి. సోమవారం మీటరు దాటిన నీళ్లు బుధవారం వాడతాం. అందుకని ఇక్కడ కట్టాల్సింది కిరాణా కొట్టు లెక్క. ట్యాంకులోకి ఎక్కింది జమ, కిందికి దిగింది ఖర్చు, మట్టం నిల్వ. జమలోంచి ఖర్చు తీసేస్తే నిల్వలో వచ్చిన మార్పుతో సరిపోవాలి. సరిపోలేదంటే ఏదో ఒక సెన్సర్ తప్పు చెబుతోంది, లేదా నీళ్లు ఎక్కడో పోతున్నాయి. రెండింట్లో ఏదన్నది తేల్చడమే ఈ ప్రాజెక్టులో అసలు పని. బోర్డులు, వైర్లు ఒక వారంలో అయిపోతాయి.

పెట్టుకున్న లక్ష్యం కూడా రాసుకోవాలి. హైదరాబాద్‌లో 2021 నుంచి గృహ కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం. రోజుకు 667 లీటర్లు, ఆరుగురికి పంచితే మనిషికి 111. మురుగునీటి పైపులున్న పట్టణాలకు కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ చెప్పే ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అంటే కాస్త చూసుకుంటే ఉచిత గీత లోపల ఉండొచ్చు, ఒక్క లీకు ఉంటే ఉండలేం.

ఫిబ్రవరి 6: సామాన్లు

బోర్డులు, సెన్సర్లు కోఠిలోని గుజరాతీ గల్లీలో, పైపు సామాను రాణిగంజ్‌లో. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, అంటే వైఫై ఉన్న చిన్న కంట్రోలరు. జమ లైనుకూ బాత్‌రూము లైనుకూ అంగుళం సైజు ఎఫ్‌ఎస్400ఏ రెండు, వంటింటి లైనుకు అరంగుళం వైఎఫ్-ఎస్201 ఒకటి. మట్టానికి జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అనే వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి, ధ్వనిని పంపి దూరం కొలిచేది (ఇది తర్వాత పక్కకు పోయింది, కారణం కింద ఉంది). 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు, 12ను 5 వోల్టులకు దించే బక్ మాడ్యూలు, వాన చొరని ఐపీ65 డబ్బా, నాలుగు కేబుల్ గ్లాండ్లు, 20 మీటర్ల క్యాట్6 కేబులు. ప్లంబింగ్‌కు: చెత్తను ఆపే వై స్ట్రైనర్లు మూడు, విప్పి బిగించుకునే యూనియన్లు ఆరు, ఇత్తడి మరలున్న అడాప్టర్లు (ఎఫ్‌టీఏలు), బైపాస్‌లకు (సెన్సర్‌ను తప్పించి నీళ్లు పంపే పక్క దారులకు) బాల్‌వాల్వులు తొమ్మిది, టెఫ్లాన్ టేపు, పైపులు అతికించే సొల్యూషన్.

ఫ్లో సెన్సర్ లోపల ఉండేది చిన్న ప్లాస్టిక్ రోటరు, దానికి అయస్కాంతం, పక్కన ఆ అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్. నీళ్లు పోతే రోటరు తిరుగుతుంది, తిరిగినకొద్దీ పల్సులు, అంటే చిన్న కరెంటు సంకేతాలు, వస్తాయి. వైఎఫ్-ఎస్201కు పుస్తకం లెక్క లీటరుకు 450 పల్సులు, ఎఫ్‌ఎస్400ఏకు 288. రెండూ నిమిషానికి ఒక లీటరు కంటే తక్కువ ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకోవు. ఈ వాక్యం కింద గీత గీసి పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పోలికకు: గుమ్మం దగ్గర ఉండే 15 మిల్లీమీటర్ల క్లాస్ బి యాంత్రిక మీటరు గంటకు 30 లీటర్ల నుంచి కొలుస్తుంది, అంటే నిమిషానికి అర లీటరు. సన్న ధారలో పాత మీటరే మేలు.

ఫిబ్రవరి 10: పైపు పని

కోసిన పైపులో తురుము మిగులుతుంది. సెన్సర్ బిగించకముందే లైన్లో ఐదు నిమిషాలు నీళ్లు వదిలి కడగాలి. ఒక్క యూపీవీసీ పెచ్చు రోటరు రెక్కల మధ్య చిక్కితే సెన్సర్ సున్నా చూపిస్తుంది, నీళ్లు మాత్రం మామూలుగానే వస్తాయి, కాబట్టి ఎవరూ గమనించరు. సొల్యూషన్ పూసేటప్పుడు సెన్సర్ లైన్లో ఉండకూడదు. లోపలికి జారిన బొట్టు రోటరును ఇరుసుకు అతికించేస్తుంది. అతుకులన్నీ ఆరాక, మర్నాడు, యూనియన్ల మధ్య సెన్సర్ పెట్టాలి.

సెన్సర్ మరలు ప్లాస్టిక్‌వి. టెఫ్లాన్ టేపు పది పన్నెండు చుట్లు చుట్టి పానా పెట్టి తిప్పితే మెడ దగ్గర చీలుతుంది. చీలిక అప్పటికప్పుడు కనబడదు, మోటారు వేసిన నాలుగో రోజు చెమ్మ కనబడుతుంది. ఐదారు చుట్లు, చేత్తో బిగించి పానాతో పావు వంతు. బాణం గుర్తు నీళ్లు పోయే వైపు ఉండాలి. సెన్సర్‌కు ముందు ఎల్బో ఆనుకుని ఉంటే నీళ్లు సుడి తిరుగుతూ వచ్చి లెక్క చెడుతుంది. అంగుళం పైపుకు ముందు ఒక అడుగు, వెనక అర అడుగు తిన్నటి ముక్క వదిలాం.

ప్రతి సెన్సర్‌కూ బైపాస్ పెట్టడం దండగ ఖర్చులా కనిపిస్తుంది. పొద్దున ఆరింటికి సెన్సర్ జామ్ అయినప్పుడు అందరూ స్నానాలకు క్యూ కడితే ఆ మూడు వాల్వుల విలువ తెలుస్తుంది.

బాత్‌రూము లైనుకు అరంగుళం సెన్సర్ పెట్టొద్దు. పై అంతస్తు షవర్‌కూ ట్యాంకు అడుగుకూ మధ్య ఎత్తు మూడు మీటర్లకు మించదు, అంటే ఉన్న ప్రెషరే 0.3 బార్. అందులో కొంత అరంగుళం సెన్సర్ తినేస్తే షవర్ కాస్తా బొట్లు కారే కుళాయి అవుతుంది. వంటిల్లు కింది అంతస్తులో ఉంది కాబట్టి అక్కడ చెల్లింది.

ఫిబ్రవరి 13: మోటారు ఆపాక కూడా జమ

మొదటి రోజే వింత. మోటారు ఆపిన తర్వాత కూడా జమ లైన్లో పది పదిహేను సెకన్ల పాటు పల్సులు. కారణం సంపులోని ఫుట్‌వాల్వు. అది పూర్తిగా మూసుకోక నిలువు పైపులోని నీళ్లు వెనక్కి జారుతున్నాయి, రోటరు ఎదురు తిరుగుతోంది. హాల్ సెన్సర్‌కు రోటరు ఎటు తిరిగినా ఒకటే, వెనక్కి పోయిన నీళ్లను కూడా జమ కింద రాసేస్తుంది. పంపు డెలివరీ దగ్గర ఎన్‌ఆర్‌వీ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వు) ఒకటి పెడితే ఆగిపోయింది. ఎన్‌ఆర్‌వీ పెట్టే వీలు లేనివాళ్లు మోటారు కరెంటును కొలిచే క్లాంపు సెన్సర్ పెట్టి, మోటారు ఆగి ఉన్నప్పటి పల్సులు పారేయొచ్చు. అయితే అది జబ్బును వదిలేసి లెక్కను దిద్దడం. ఫుట్‌వాల్వు కారితే మోటారు గాలి పట్టడం కూడా ఖాయం.

ఫిబ్రవరి 15: వైర్లు, మూడు తప్పులు

మొదటిది కరెంటు. 5 వోల్టుల అడాప్టరు కింద పెట్టి, క్యాట్6లోని ఒక జత వైర్లతో 15 మీటర్లు పైకి తీసుకెళ్తే ఈఎస్‌పీ32 నిమిషానికోసారి రీస్టార్ట్ అయింది. ఆ సన్న రాగి తీగ రానూపోనూ కలిపి దాదాపు రెండున్నర ఓములు. వైఫై పంపే క్షణంలో బోర్డు 300 మిల్లీఆంపియర్లకు పైగా లాగుతుంది, ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. 12 వోల్టులు పైకి పంపి బక్ మాడ్యూలును డబ్బాలోనే పెట్టాక, 5 వోల్టుల దగ్గర 470 మైక్రోఫారడ్ల కెపాసిటరు అతికాక, మళ్లీ రీస్టార్ట్ కాలేదు.

రెండోది పల్సు వోల్టేజీ. సెన్సర్లు 5 వోల్టుల పల్సు ఇస్తాయి, ఈఎస్‌పీ32 పిన్ను 3.3కే తట్టుకుంటుంది. అందరూ చెప్పే విరుగుడు 10, 20 కిలో ఓముల రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించే డివైడరు. లెక్క ప్రకారం 3.33 వోల్టులు రావాలి. మల్టీమీటరు పెట్టి చూస్తే 2.5 మాత్రమే. సెన్సర్ లోపలే 10 కిలో ఓముల పుల్‌అప్ రెసిస్టరు ఉంది, అది కూడా డివైడరులో భాగమైపోయింది. ఈఎస్‌పీ32 ఒక పల్సును ‘ఉంది’ అని నమ్మడానికి 2.475 వోల్టులు కావాలి. అంటే అంచు మీద నడక. కొన్ని పల్సులు తగులుతాయి, కొన్ని జారతాయి, సెన్సర్ 15 శాతం తక్కువ చూపిస్తోందని మనం రోటరును తిట్టుకుంటాం. 22, 47 కిలో ఓములకు మారిస్తే సుమారు 2.97 వోల్టులు వచ్చింది.

మూడోది మోటారు వల్ల పక్క వైర్లలో పుట్టే కరెంటు అలజడి. కేబులును మోటారు వైరున్న పైపులోంచే లాగడం వల్ల స్టార్టరు నొక్కగానే నలభై యాభై దొంగ పల్సులు. కేబులుకు వేరే పైపు వేశాం, ప్రతి ఇన్‌పుట్ పిన్ను దగ్గర గ్రౌండుకు 0.01 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటరు పెట్టాం. సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక గేటు: అంగుళం సెన్సర్ గరిష్ఠంగా నిమిషానికి 60 లీటర్లకు సెకనుకు 288 పల్సులిస్తుంది, రెండు పల్సుల మధ్య ఎడం 3.5 మిల్లీసెకన్లు. 2 మిల్లీసెకన్లలోపు వచ్చిన రెండో పల్సు నీళ్లది కాదు. ఈ బోర్డుకు రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అయిన ఈఎస్‌పీహోమ్ వాడేవాళ్లకు ఒక మాట: అందులోని పల్స్ కౌంటరు చిప్పులోని హార్డ్‌వేర్ లెక్కింపును వాడుకుంటుంది, దాని ఫిల్టరు 13 మైక్రోసెకన్లకు మించదు. 2 మిల్లీసెకన్ల ఫిల్టరు కావాలంటే పల్స్ మీటరు అనే భాగాన్ని ఎంచుకోవచ్చు.

ఫిబ్రవరి 18: 20 లీటర్ల డబ్బాతో కాలిబ్రేషన్

డబ్బా మీద 20 లీటర్లు అని రాసి ఉన్నంత మాత్రాన 20 పట్టదు. మూతి దాకా నింపితే ఇంకో లీటరు దాకా పడుతుంది. అందుకని తూకమే నమ్మకం. ఖాళీ డబ్బా తూచి, నింపి తూచి, తేడా తీసుకోవాలి. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 0.996 కిలోలు, ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.

వంటింటి సెన్సర్‌ను మూడు వేగాల్లో, ఒక్కో వేగంలో మూడేసి సార్లు పరీక్షించాం. కుళాయి పూర్తిగా తిప్పి నిమిషానికి 12 లీటర్ల దగ్గర లీటరుకు 441 పల్సులు. 5 లీటర్ల దగ్గర 428. రెండు లీటర్ల దగ్గర 391. పుస్తకంలోని 450ని నమ్మి ఊరుకుంటే గిన్నెలు కడిగే సన్న ధారలో ఎనిమిదో వంతు నీళ్లు లెక్కలోంచి జారిపోయేవి. కాబట్టి ఒకే గుణకం కాదు, పల్సుల మధ్య ఎడాన్ని బట్టి గుణకం మారాలి. మూడు బిందువుల మధ్య తిన్నటి గీత చాలు, ఇంతకు మించిన గణితం ఈ సెన్సర్‌కు దండగ.

జమ సెన్సర్ విషయంలో ఒక ఉచ్చు ఉంది. ట్యాంకు మట్టం పెరిగినదాన్ని బట్టి జమ సెన్సర్‌ను సరిచేసి, ఆ జమ సెన్సర్‌తో ట్యాంకుకు సెంటీమీటరుకు ఎన్ని లీటర్లో తేలిస్తే రెండూ ఎప్పుడూ సరిపోతాయి. ఒకదాని తప్పును ఇంకోటి మోస్తుంది, అంతే. అందుకని డాబా మీద డెలివరీ పైపు చివర ఊడదీసి, ఐదు డబ్బాలు తూకంతో నింపాం. మోటారు నిమిషానికి 30 లీటర్లు తోస్తోంది, ఒక్కో డబ్బా 40 సెకన్లు. సగటున లీటరుకు 279 పల్సులు. ఆ తర్వాతే ఖాళీ ట్యాంకును 100 లీటర్ల చొప్పున నింపుతూ మట్టం రాసుకున్నాం. ట్యాంకు అడ్డుకొలత 1.1 మీటర్లు, నిలువు భాగంలో సెంటీమీటరుకు 9.5 లీటర్లు. పైన గోపురంలా వంగిన చోట, అడుగున గాడులున్న చోట ఈ లెక్క చెల్లదు, అక్కడ పట్టికే దిక్కు.

ఇంకో సంగతి: డేటాబేస్‌లో లీటర్లు కాదు, పల్సులు దాచండి. నెల తర్వాత గుణకం తప్పని తెలిస్తే పల్సుల్లోంచి మొత్తం చరిత్ర మళ్లీ లెక్క కట్టొచ్చు. పది సెకన్లకోసారి ఎంక్యూటీటీ (పరికరాలు సందేశాలు పంపుకునే పద్ధతి) ద్వారా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు, అందులో గ్రాఫులు, అలారాలు చూపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కు పంపుతున్నాం. మొత్తం పల్సుల సంఖ్యను బోర్డు ఫ్లాష్ మెమరీలో ప్రతి పల్సుకూ రాస్తే ఫ్లాష్ అరిగిపోతుంది. పది నిమిషాలకోసారి చాలు.

ఫిబ్రవరి 24: అల్ట్రాసోనిక్‌కు సెలవు

జేఎస్‌ఎన్ సెన్సర్ 20 నుంచి 25 సెంటీమీటర్ల లోపు దేన్నీ చూడలేదు. నిండిన ట్యాంకులో నీళ్లు మూతకు పదిహేను సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. మూత మీద నాలుగంగుళాల పైపు ముక్క నిలబెట్టి సెన్సర్‌ను పైకి ఎత్తితే, దాని విశాలమైన ధ్వని పైపు అంచుకు తగిలి తిరిగొచ్చి, ట్యాంకు ఖాళీ అయినా నిండుగానే చూపించింది. మధ్యాహ్నం ఇంకో రకం తప్పు. గాలిలో ధ్వని వేగం 30 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 349 మీటర్లు, 45 డిగ్రీల దగ్గర 358. ఎండకు కాగిన మూత కింద 80 సెంటీమీటర్ల దూరం రెండు సెంటీమీటర్లు తక్కువగా కనిపిస్తుంది, అంటే లేని 20 లీటర్లు ఉన్నట్టు. ఉష్ణోగ్రత సెన్సర్‌తో దాన్ని దిద్దొచ్చు. తెల్లవారుజామున సెన్సర్ ముఖం మీద పట్టే నీటి బిందువులను దిద్దలేం. లేజర్ దూర సెన్సర్లు ఇంకా దారుణం, తేట నీళ్ల ఉపరితలం వాటికి అద్దమో గాజో అవుతుంది.

నీళ్లలో మునిగే ప్రెషర్ సెన్సర్ తెచ్చాం: 0 నుంచి 2 మీటర్లు, 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల అవుట్‌పుట్. ధర మిగతా సామానంతటితో పోటీ పడుతుంది, అయినా ఇదే సరైన ఖర్చు. దానికి 24 వోల్టులు ఇవ్వాలి. 12 ఇస్తే కొలిచే రెసిస్టరు దగ్గర కొంత పోయి ట్యాంకు నిండేకొద్దీ రీడింగు పెరగకుండా ఆగిపోవచ్చు. 150 ఓముల రెసిస్టరు మీద సెంటీమీటరుకు 12 మిల్లీవోల్టులు. ఈఎస్‌పీ32 సొంత ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) వంకర గీత గీస్తుంది కాబట్టి విడి ఏడీసీ చిప్పు ఏడీఎస్1115 పెట్టాం. ట్యాంకు అవుట్‌లెట్ పైపుకే టీ జాయింటు వేసి ప్రెషర్ సెన్సర్ బిగిద్దామనుకునేవాళ్లకు: కుళాయి తిప్పగానే ఆ పైపులో ప్రెషర్ పడిపోతుంది, మట్టం ఒక్కసారిగా దిగినట్టు కనిపిస్తుంది. సెన్సర్ ట్యాంకు లోపలే, అడుగున, అవుట్‌లెట్‌కు దూరంగా ఉండాలి.

మార్చి 1: మోటారు వేయకుండానే నిండిన ట్యాంకు

గ్రాఫు ప్రకారం రాత్రంతా మట్టం నెమ్మదిగా పెరిగింది. మధ్యాహ్నం ఎవరూ కుళాయి తిప్పకుండానే పడిపోయింది. వాల్వులన్నీ కట్టేసినా అదే తీరు.

ఈ సెన్సర్ కేబులు లోపల సన్నటి గాలి గొట్టం ఉంటుంది. సెన్సర్ ఒక పక్క నీటి ఒత్తిడినీ ఇంకో పక్క బయటి గాలి ఒత్తిడినీ చూసి తేడా చెప్పేందుకు. డబ్బాలోకి నీళ్లు రాకూడదని కేబులు చివరను సిలికాన్‌తో నీటుగా మూసేశాం. బయటి గాలి బదులు గొట్టంలో చిక్కిన గాలితో పోలిక మొదలైంది. మూసిన గాలి 30 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే దాని ఒత్తిడి ముప్పయ్యో వంతు పెరుగుతుంది. నీటి భాషలో అది 30 సెంటీమీటర్లకు పైనే. సిలికాన్ పూర్తిగా బిగుసుకోలేదు కాబట్టి అంత రాలేదు, అయినా లెక్క చెడడానికి చాలు. వేడి సంగతి అటుంచినా, వాతావరణ పీడనం మన ప్రాంతాల్లో రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది. ఒక మిల్లీబార్ మారితే ఒక సెంటీమీటరు నీళ్లు మారినట్టే.

సిలికాన్ పీకేసి, గొట్టం చివర డబ్బా లోపల తెరిచి ఉంచి, పక్కన సిలికా జెల్ పొట్లం పెట్టి, డబ్బా అడుగున గాలి ఆడే సన్న రంధ్రం వదిలాం. మర్నాడు రాత్రి గీత తిన్నగా వచ్చింది. తిన్నగా అంటే మట్టంగా కాదు, తిన్నగా కిందికి.

మార్చి 4: రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా

ఇంట్లో అందరూ పడుకున్నాక మూడు గంటల్లో మట్టం 3.8 సెంటీమీటర్లు దిగింది. 36 లీటర్లు. గంటకు 12, నిమిషానికి 0.2 లీటరు. అదే సమయంలో రెండు అవుట్‌లెట్ సెన్సర్లూ సున్నా. ఫిబ్రవరి 6న గీత గీయమన్న వాక్యం ఇదిగో: నిమిషానికి లీటరు కంటే తక్కువైతే రోటరు కదలదు. రోజుకు 288 లీటర్లు పోతున్నా ఫ్లో సెన్సర్‌కు కబురు లేదు. ఉచితంగా వచ్చే 667లో ఐదింట రెండు వంతులకు పైగా.

మట్టం సెన్సర్ పనితీరు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. చెంబు నీళ్లు తీసుకుంటే దానికి తెలియదు, గంటల తరబడి కారితే తప్పకుండా తెలుస్తుంది.

వెతకడం పాత పద్ధతే. మొదటి రాత్రి వంటింటి లైను కట్టేస్తే దిగడం ఆగలేదు. రెండో రాత్రి బాత్‌రూము లైను కడితే ఆగింది. తర్వాత ఒక్కో ఫ్లష్ ట్యాంకు యాంగిల్ కాక్ కట్టేసి చూడటం. ఇంకా తొందరగా తేలాలంటే ఫ్లష్ ట్యాంకులో మిఠాయి రంగు చిటికెడు వేసి, ఇరవై నిమిషాలు ఫ్లష్ నొక్కకుండా ఆగాలి. కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగు వాషరు పోయినట్టు. పై అంతస్తు ట్యాంకులో రంగు కనిపించింది. వాషరు మీద ఉప్పునీటి తెల్ల పెచ్చు కట్టి ఒక పక్క ఎత్తుగా కూర్చుంది. మార్చాక రాత్రి దిగుడు మూడు గంటలకు అర సెంటీమీటరు లోపే.

పోలిక కోసం: సెకనుకో బొట్టు కారే కుళాయి రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. చెవికి వినబడి చిరాకు పెట్టే కుళాయిని వెంటనే బాగు చేయిస్తాం, చప్పుడు చేయని ఫ్లష్ దానికి అరవై డెబ్భై రెట్లు తాగేస్తుంది.

మార్చి 12: వంటింట్లో కనబడని నీళ్లు

పగటి లెక్కలో ఖర్చు ఎప్పుడూ మట్టం చూపినదానికంటే తక్కువ వస్తోంది, అదీ ఆర్‌ఓ నడిచే గంటల్లోనే. ఆర్‌ఓ లాగే ధార నిమిషానికి అర లీటరుకు అటూఇటూ, వంటింటి సెన్సర్ కంట పడదు. దీనికి సెన్సర్ వెతకొద్దు. వృథా నీళ్ల పైపు కింద బకెట్ పెట్టి, అదే సమయంలో వచ్చిన మంచినీళ్లనూ కలిపి గంటకు ఎంతో ఒకసారి కొలవండి, ఆర్‌ఓ నడిచిన గంటలతో హెచ్చించండి. గంటలకు ఒక స్మార్ట్ ప్లగ్ చాలు. ఆ బకెట్ నీళ్లు గచ్చు కడగడానికి పనికొస్తాయి, కుండీలకు మాత్రం రోజూ పోయకూడదు, ఉప్పు పేరుకుంటుంది.

మార్చి 20: వీధి పైపులోంచి గాలి

సంపులోకి వచ్చే లైనుకూ ఒక వైఎఫ్-ఎస్201 పెట్టాం. మీటరు దాటాక, మన వైపు. మీటరునూ దాని సీలునూ ముట్టుకోకూడదు. నీళ్లు వదిలే రోజున మొదట పైపులోని గాలి తోసుకొస్తుంది. రోటరు నీళ్ల కంటే గాలికి ఇంకా జోరుగా తిరుగుతుంది. నిమిషానికి 30 లీటర్లు దాటలేని సెన్సర్ 50, 60 చూపిస్తే అది గాలే. 225 హెర్ట్జ్ దాటిన పల్సులను పక్క ఖాతాలో రాయించాం. తడి లేకుండా తిరిగితే ఇరుసు కూడా అరుగుతుంది, కాబట్టి సెన్సర్‌కు ముందు నిలువు ముక్క మీద చిన్న ఎయిర్‌వాల్వు పెట్టడం మంచిది.

మీటరు అంకెలనే చదివించాలంటే ఈఎస్‌పీ32-క్యామ్ తో అద్దం మీది ఫొటో తీసి అంకెలు గుర్తుపట్టే ఏఐ-ఆన్-ద-ఎడ్జ్ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు ఉంది. మన ఐఐఐటీ హైదరాబాద్ వాళ్లు కూడా క్యాంపస్‌లోని పాత మీటర్లను మార్చకుండా కెమెరాతో చదివించే పని చేశారు. గుంటలో ఉన్న మీటరుకు అద్దం లోపల ఆవిరి పడితే మాత్రం కెమెరాకూ మనకూ ఒకటే అవస్థ.

ట్యాంకరుకు ఏ సెన్సరూ వద్దు. సంపులో ఒక సెంటీమీటరు అంటే 30 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు మట్టాన్ని 167 సెంటీమీటర్లు పెంచాలి. మోటారు ఆపి, గుర్తులు పెట్టిన కర్రను ముందొకసారి, తర్వాతొకసారి ముంచితే చాలు. సంపులో అప్పటికే 33 సెంటీమీటర్ల కంటే ఎక్కువ నీళ్లుంటే మొత్తం పట్టదు, పొర్లుతుంది. ట్యాంకరు పిలిచే ముందే చూసుకోవాలి.

ఏప్రిల్ 3: రెండు అలారాలు

ఎన్నో గ్రాఫులు పెట్టాం, ఇంట్లో వాళ్లు చూసేది రెండు సందేశాలే. ఒకటి, మోటారు నడుస్తూ జమ వస్తోంది కానీ రెండు నిమిషాలుగా మట్టం పెరగలేదు: నిమిషానికి 30 లీటర్లకు మూడు సెంటీమీటర్లు పెరగాలి, పెరగకపోతే ట్యాంకు పొర్లుతున్నట్టే. రెండు, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు మధ్య సెంటీమీటరున్నర కంటే ఎక్కువ దిగింది. అంతకంటే తక్కువకు అలారం పెడితే ఎవరో రాత్రి లేచి ఒకసారి ఫ్లష్ నొక్కినా ఫోను మోగుతుంది, నాలుగో రోజున దాన్ని మ్యూట్ చేస్తారు.

కరెంటు పోయినప్పుడు బోర్డు ఆగుతుంది, నీళ్లు ఆగవు, అవి కిందికి దిగేవే కదా. పోకముందు మట్టం, వచ్చాక మట్టం తేడా తీసి ఆ ఖాళీని నింపే చిన్న నియమం రాశాం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అడాప్టరును దానికి కలపడం ఇంకా తేలిక.

ఏప్రిల్ 19: రోటరు విప్పాం

జమ, మట్టం మధ్య తేడా వారం వారం పెరుగుతూ నాలుగు శాతం దాటింది. జమ తక్కువ చూపిస్తోంది, మట్టం ఎక్కువ పెరుగుతోంది. ఎండలు ముదిరి సంపులో బోరు నీళ్ల పాలు పెరిగిన వారాలివి. యూనియన్లు వదులు చేసి సెన్సర్ తీస్తే రెక్కల మీద తెల్లటి పొర, అయస్కాంతం చుట్టూ తుప్పు రంగు సన్న రజను. అయస్కాంతం ఉన్నచోట ఇనుప రజను చేరడం మామూలే, స్ట్రైనరు జల్లెడ అంత సన్నని దాన్ని ఆపలేదు. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, వేలితో తిప్పితే రోటరు మళ్లీ తేలిగ్గా తిరిగింది. స్ట్రైనరు జల్లెడ కూడా అదే నీళ్లలో కడిగాం.

మళ్లీ ఐదు డబ్బాల తూకం: లీటరుకు 277 పల్సులు. తేదీతో సహా డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టాం. వర్షాలు మొదలయ్యేలోపు ఇంకోసారి విప్పాలి.